కెమెరాకి ఎడమ పక్క

ఫిబ్రవరి 4

వాగుడుకాయ మరదలికి,

నువ్వు ఊరు మారి నెల కూడా కాలేదు, అప్పుడే ఈ ఉత్తరమేమిటి, ఫోను లేదా అంటావు. ఉంది. ఫోనులో అయితే నువ్వే మాట్లాడతావు. నా వంతు వచ్చేసరికి మీ ఆయన ఆఫీసు నుంచి వచ్చేస్తాడు, "ఉంటా వదినా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు కదా. కుదురుగా కూర్చుని చదువు.

నువ్వు వెళ్లిన వారానికే నువ్వు లేకుండా మొదటి పెళ్లి తీశాను. మనకు తెలిసినవాళ్లే, ఆ బట్టల కొట్టాయన రెండో కూతురు. పెద్దమ్మాయి పెళ్లి మనిద్దరమే తీశాం, గుర్తుండే ఉంటుంది. నేను హాల్లో అడుగు పెట్టగానే పెళ్లికూతురి తల్లి నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, "ఆ నవ్వించే ఆవిడేరీ?" అంది. మీ ఆయనకు బదిలీ అయిందని చెప్పాను. "అయ్యో!" అంది. ఆ అయ్యో తన ఫోటోల గురించని నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

ఏం చెప్పమంటావు! స్టేజీ మీద ఒక్కొక్కరూ బిర్రబిగుసుకుపోయారు. నవ్వండి అంటే పళ్లు చూపించారు, పళ్ల డాక్టరు దగ్గరకి వచ్చినట్టు. ఇలా కాదని మీ అన్నను తీసుకెళ్లి నీ చోట నిలబెట్టాను, గొడుగు లైటు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడమని. లెక్కల మేష్టారికి రిటైరైనా బెత్తం బుద్ధి పోతుందా? "రెండో వరసలో నీలం చొక్కా! నవ్వమంటే వినపడటం లేదా?" అని గదమాయించాడు. నీలం చొక్కా ఆయన పెళ్లికొడుకు తండ్రి. మీ అన్న గొడుగు గోడకానించి భోజనాల వైపు వెళ్లిపోయాడు.

ఆల్బమ్ చూసి కొట్టాయన మర్యాదస్థుడు కాబట్టి రంగులు బాగున్నాయన్నాడు, అట్ట బాగుందన్నాడు. లేచి వెళ్తూ, "అందరూ ఏదో దరఖాస్తు కోసం దిగినట్టున్నారమ్మా" అన్నాడు.

స్టూడియోలో నువ్వు కూర్చునే స్టూలు మీద ఇప్పుడు లైట్ల పెట్టె పెట్టాను. ఖాళీగా కనిపిస్తుంటే నాకు పని సాగడం లేదు. నీ కొత్త ఇల్లెలా ఉందో రాయి. కిటికీలు ఎటువైపున్నాయో కూడా రాయి, వెలుతురు తెలియకపోతే నాకు ఇల్లు కళ్లకు కట్టదు.

నీ వదిన


ఫిబ్రవరి 13

వదినమ్మ తల్లికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? నీ అసలు మొగుణ్ణి నిలబెట్టి చూశాక సగం మొగుడి విలువ తెలిసొచ్చింది, సంతోషం. అన్నయ్య గదమాయింపు చదివి గట్టిగా నవ్వాను. పక్కింటావిడ గోడ మీద తట్టింది. ఇక్కడ నేను నవ్వడం అదే మొదలు, ఆవిడ వినడమూ అదే మొదలు.

ఇల్లు నాలుగో అంతస్తు. కిటికీలు తూర్పుకి రెండు. పొద్దున కాసేపు వెలుతురు గదంతా పరుచుకుంటుంది, నువ్వుంటే ఎవరినో ఒకరిని పట్టుకొచ్చి అక్కడ కూర్చోబెట్టేదానివి. తర్వాత ఎదురు బిల్డింగు నీడ. లిఫ్టులో మనుషులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు, తలుపు పైన వెలిగే అంకెల వంక చూస్తారు. మొన్న ఒకాయనతో "అంకెలు ఇవాళేమైనా మారాయా అండీ?" అన్నాను. ఆయన రెండో అంతస్తులోనే దిగిపోయాడు. ఆయన ఉండేది మా పై అంతస్తులో.

అయినా నువ్వు గోరంత దాన్ని కొండంత చేస్తున్నావు. నేనేం చేశాను చెప్పు? గొడుగు పట్టుకుని వాగాను. ఫోటో తీసింది నువ్వు. గొడుగు పట్టే మనిషి పోతే రాజుగారి సవారీ ఆగుతుందా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. కాస్త నోరు కదుపు, అదే వస్తుంది. నీకు మాటలు దొరకవని తెలుసు కాబట్టి నావి కొన్ని రాసి పంపుతున్నాను, బట్టీ పట్టు.

ముందు వరసలో ముసలమ్మలు బిగుసుకుపోతే: "అమ్మమ్మగారూ, పెళ్లికూతురు మీరు కాదట, కాస్త సిగ్గు తగ్గించండి."

పొట్ట లోపలికి లాక్కునే బాబాయిలకి: "దాచకండి బాబాయిగారూ, ఎంతసేపని ఊపిరి బిగబడతారు? నేను తీసేలోపు అది బయటికొచ్చేస్తుంది."

పెళ్లికొడుకు ఫ్లాష్‌కి కళ్లు మూస్తుంటే: "కళ్లు మూయకు బాబూ. రేపట్నుంచి ఎలాగూ చాలావాటికి కళ్లు మూసుకునే బతకాలి, ఈ ఒక్క పూటా తెరిచి ఉంచు."

ఈ మూడోది ఎప్పుడూ తప్పలేదు. ధైర్యంగా వాడుకో.

నీ సగం మొగుడు


మార్చి 9

మరదలా,

మూడోదే వాడాను. దాని ఫలితం విను.

పెళ్లికొడుకు ఫ్లాష్ కొట్టినప్పుడల్లా కళ్లు మూస్తున్నాడు. సరిగ్గా నువ్వు రాసిన సందర్భమే కదా అని గొంతు సవరించుకుని, పొల్లు పోకుండా చెప్పాను. స్టేజీ మీద ఒక్కరూ నవ్వలేదు. పెళ్లికొడుకు మొహం మాడిపోయింది. పక్కన కూర్చున్న వాళ్ల నాన్న నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నిరుడు జబ్బు చేసి ఆయనకు చూపు పోయిందట. ఆ సంగతి హాలు మొత్తానికి తెలుసు, నాకు తప్ప. పాపం, నన్ను గట్టెక్కించడానికి ఆయనే, "అలవాటైతే కష్టమేం కాదులే అమ్మా" అన్నాడు. భూమి చీలిపోతే బాగుండనిపించింది.

తప్పు జోకుది కాదు. నువ్వుంటే ఆ మాట అనేదానివి కాదు. హాలుకి వెళ్లగానే నేను లైట్లు సర్దుకుంటుంటే నువ్వు మంచినీళ్ల వంకతో ఓ చుట్టు చుట్టి వచ్చేదానివి. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరు బాత్రూములో ఏడ్చి మొహం కడుక్కుని వచ్చారో, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టకూడదో, అన్నీ చూసుకుని వచ్చేదానివి. "మళ్లీ ఎవరితో బాతాఖానీ పెట్టుకుంది" అని నేను గొణుక్కునేదాన్ని. నువ్వు వాగడం ఒక్కటే నాకు వినపడింది. అంతకు ముందు నువ్వు చూడటం నేను చూడలేదు.

మనసు బాగోక మర్నాడు మధ్యాహ్నం మన పాత ఆల్బములన్నీ బీరువాలోంచి దింపి నేల మీద పరిచాను. రీళ్ల కాలం నుంచీ ఉన్నవి. పేజీ తర్వాత పేజీ తిప్పాను. ఎంత బాగా నవ్వుతున్నారో! మొదట్లో మురిసిపోయాను. తర్వాత ఒకటి గమనించాను. వాళ్లెవరూ కెమెరాలోకి చూడటం లేదు. అందరి చూపూ కాస్త పక్కకి, కెమెరాకి ఎడమ పక్కకి ఉంది. అక్కడ నిలబడేది నువ్వు. పెళ్లికూతుళ్లు, పెళ్లికొడుకులు, తాతలు, చంకలో పిల్లలు, అందరూ నిన్నే చూస్తున్నారు. ఇన్నేళ్ల నా పనిలో ఒక్కరంటే ఒక్కరు నా వంక చూడలేదు.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. మన వీధి చివర పెద్ద స్కూలు వాళ్లు పిల్లల గుర్తింపు కార్డులకి ఫోటోలు తీసే మనిషి కావాలంటున్నారు. వాళ్లకి ఇంకో మూడు ఊళ్లలో స్కూళ్లున్నాయి, ఏడాది పొడుగునా పనే. ఒప్పుకుంటే పెళ్లిళ్లు మానుకోవాలి. తెల్ల గోడ, ముందో స్టూలు, ఒకరి తర్వాత ఒకరు. నవ్వించక్కర్లేదు. నవ్వకూడదట కూడా! నా మొహానికి సరిపోయిన పని. మే పదో తారీఖుకల్లా చెప్పమన్నారు.

మీ అన్న బాగానే ఉన్నాడు. స్టేజీ వైపు మాత్రం రానంటున్నాడు.

వదిన


మార్చి 20

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. గారు పెట్టి రాస్తున్నానేమిటా అనుకోకండి. దొంగలకు మర్యాద ఎక్కువ ఉంటుంది.

ఇన్నేళ్లూ మీ పక్కన నిలబడి మీకు రావలసిన చూపులన్నీ నేను కొట్టేశానన్నమాట. ఈ ముక్క ముందే చెప్పుంటే కుడి పక్కన నిలబడేదాన్ని, లేదా ఇంట్లోనే కూర్చునేదాన్ని. ఎండల్లో ఆ గొడుగూ ఆ స్టాండూ మోసుకుంటూ మీ వెనక తిరగడం నాకేమైనా సరదానా? సరదానే. అదే నా ఖర్మ.

నేను జోకులు పంపింది మీరు ఆ పెద్దాయన దగ్గర అభాసుపాలు కావాలని కాదు. పని మానేయాలని మీకు ముందే ఉంటే మానుకోండి. దానికి నా ఎడమ పక్కను సాకు చేయకండి.

ఇంకో సంగతి. ఏప్రిల్‌లో పెళ్లిళ్లు ఎక్కువ కదా, ఓ పది రోజులుండి సాయం చేసి వద్దామని సంచి సర్దుకున్నాను. మా ఆయనే, "వెళ్లవే బాబూ, ఇక్కడ గోడలతో మాట్లాడుతున్నావు" అన్నాడు. మీ ఉత్తరం చదివాక సంచి విప్పి బట్టలు మళ్లీ అలమరలో పెట్టేశాను.

అన్నయ్యను అడిగానని చెప్పండి.

గొడుగు మనిషి


మార్చి 28

ఒసేయ్ పిచ్చిదానా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. నిన్ను దొంగ అన్నదెవరు? నీ గార్లూ బూర్లూ నా దగ్గరా? చదివి మీ అన్నకు చూపిస్తే, "రాసింది నువ్వే కదా, అలాగే అర్థమవుతుంది మరి" అని మళ్లీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఎంతైనా మీ ఇద్దరిదీ ఒకే రక్తం.

మళ్లీ చెప్తాను, నెమ్మదిగా చదువు. నువ్వు నా దగ్గర ఏదో దొంగిలించావని నేననలేదు. దొంగిలించడానికి నా దగ్గర అసలేమైనా ఉందా అన్నది నా భయం. ఫోటో అంటే మొహం కదా. ఆ మొహాలు వికసించింది నీ మాటలకి. నేను చేసింది వేలితో నొక్కడం. గోడకున్న స్విచ్చి ఎవరైనా నొక్కుతారు. ఇంతమంది ఇళ్లల్లో నా స్టూడియో ముద్ర వేసిన ఆల్బములున్నాయి, వాటిల్లో నాదంటూ ఒక్క బొమ్మ ఉందా అని ఈ వయసులో నన్ను నేనే అడుగుతున్నాను. లేకపోతే లేదు, కానీ తెలియాలి.

ఏప్రిల్ పంతొమ్మిదిన ఒక పెళ్లి ఒప్పుకున్నాను. చిన్న హాలు, తక్కువ మంది. ఈ ఒక్కటీ ఎవరూ లేకుండా తీస్తాను, మీ అన్న కూడా లేకుండా. అందులో నాదని చెప్పుకోగల బొమ్మ ఒక్కటొచ్చినా పెళ్లిళ్లు మాననే మానను. రాకపోతే తెల్ల గోడ దగ్గర స్టూలు వేసుకుంటాను. అందుకని ఆ పెళ్లికి నువ్వు రాకు. కోపం వచ్చినా సరే రాకు. నువ్వు వస్తే అందరూ నవ్వుతారు, నాకు తెలియాల్సింది తెలియదు.

అలమరలో పెట్టిన బట్టలు అక్కడే ఉండనీ. కోపం మాత్రం విప్పేయ్.

నీ వదిన, గారు లేకుండా


ఏప్రిల్ 6

వదినా,

సరే, రాను. "రాకు" అన్న మాట ఒకే ఉత్తరంలో అన్నిసార్లు చదవడం బాగోలేదు గానీ, ఎందుకన్నావో అర్థమైంది. గారు తీసేశాను.

నాకిక్కడ తోచడం లేదు. మధ్యాహ్నాలు మరీ. నిన్న కూర్చుని మన మొట్టమొదటి పెళ్లి తలుచుకున్నాను. నువ్వు కోడలిగా వచ్చి ఏడాదైనా కాలేదు. మీ నాన్నగారిచ్చిన కెమెరా, ఒకే ఒక్క లెన్సు. సినిమా హాలు వెనకున్న పెద్ద గది. సరిగ్గా అందరూ స్టేజీ ఎక్కాక కరెంటు పోయింది, గుర్తుందా? ఎవరో పెట్రోమాక్స్ లైటు తెచ్చారు. ఆ వెలుతురులో నువ్వు రీలు మారుస్తున్నావు. మగపెళ్లివారు ఒకటే గోల, "ఆడమనిషికి అప్పజెబితే ఇంతే" అని ఒకాయన అననే అన్నాడు. నీ చేతులు వణుకుతున్నాయి. రీలు కొస గాడిలో పడటం లేదు. నేను చూశాను.

అప్పుడు లేచి నీ ఎడమ పక్కకొచ్చి మాట్లాడటం మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు. ఆ "ఆడమనిషి" అన్నాయన మీసం మీద ఏదో అన్నాను, అందరూ గొల్లున నవ్వారు. వాళ్లను నవ్వించాలని నాకేం లేదు వదినా. వాళ్ల చూపు నీ చేతుల మీద పడకూడదు, అంతే నాకు కావలసింది. రీలు ఎక్కింది, నువ్వు తల ఎత్తావు. నవ్వుతున్న ఆ మొహాలను నువ్వు ఒక్కటీ పోగొట్టకుండా తీశావు. ఆ తర్వాత అదే మన పద్ధతైపోయింది. నీ చేతులు వణకడం ఎప్పుడు మానేశాయో తెలియదు, నేను మాత్రం ఆ చోటు వదల్లేదు.

ఇది చెప్పి నీ దగ్గర మార్కులు కొట్టేద్దామని కాదు. ఎడమ పక్కన ఎందుకు నిలబడ్డానో నీకు తెలిసి ఉండాలనిపించింది.

పెళ్లి రోజు పొద్దున్నే ఏమైనా తిని వెళ్లు. ఖాళీ కడుపుతో నీకు కోపం ముందు వస్తుంది, వెలుతురు తర్వాత కనిపిస్తుంది.

నీ మరదలు


ఏప్రిల్ 24

బంగారు మరదలికి,

ఇన్నాళ్లూ ఆ రోజు నా చేతులు ఎవరూ చూడలేదనుకున్నాను. నువ్వు చూశావా! పైగా ఒక్కనాడూ అనలేదు. నువ్వు నోట్లో మాట దాచుకోలేని మనిషివనుకునేదాన్ని.

ఇక పెళ్లి సంగతి. తినే వెళ్లాను. హాలుకి చేరగానే నీలాగా మంచినీళ్ల వంకతో తిరిగాను. నలుగురు పలకరించారు, నాకు తిరిగి ఏం మాట్లాడాలో తెలియక "ఊ, ఊ" అని తల ఊపి వచ్చేశాను. స్టేజీ మీద మళ్లీ అదే పళ్ల డాక్టరు వరస. జోకులు మానేశాను. ఏమీ అనకుండా గబగబా తీసేశాను, ఎలాగూ పోయిందే కదా అని. చివరికి విసుగొచ్చి, "అయిపోయిందండీ, ఇక దిగండి" అన్నాను.

అదుగో, అప్పుడు జరిగింది. అయిపోయిందనగానే ఒక్కొక్కరి భుజాలు దిగాయి. బిగబట్టిన ఊపిరి వదిలారు. ఒక పెద్దాయన పక్కావిడ చెంగు కుర్చీలో ఇరుక్కుంటే వంగి తీశాడు. పెళ్లికొడుకు తన తమ్ముడి జేబులోంచి రుమాలు లాక్కుని మెడ తుడుచుకున్నాడు. నాకు చప్పున కెమెరా ఎత్తాలనిపించింది, ఎత్తాను. ఎవరూ పట్టించుకోలేదు, అయిపోయిందన్నాను కదా. ఆ తర్వాత వచ్చిన ప్రతి గుంపుకీ అదే చేశాను. వరసగా నిలబెట్టి, పేరుకి ఒకటి తీసి, "అయిపోయింది" అని చెప్పి, అప్పుడు అసలు పని మొదలుపెట్టాను. పెళ్లంతా అబద్ధాలే ఆడాను. నాకెంత ఆనందంగా ఉందో!

ఒక ఫోటో పంపుతున్నాను. పెళ్లికూతురు చెప్పు బిగుసుకుపోయి కాలు కొరికేసిందట. అయిపోయిందనగానే వాళ్లమ్మ భుజం మీద చెయ్యేసి ఒంటికాలి మీద నిలబడి చెప్పు లాగేస్తోంది. పిల్ల బరువంతా తల్లి మీదుంది. సరిగ్గా అప్పుడు తల్లి తల తిప్పి నా వంక చూసింది. నవ్వలేదు. ఏడవలేదు. నన్నే చూసింది. నేను నొక్కాను.

బాగుందనే నా మనసు చెప్తోంది, కానీ నా మనసు మాట ఎవడు నమ్ముతాడు? నీ కళ్లను నమ్ముతాను. నువ్వు బాగుందంటే స్కూలు వాళ్లకి రానని చెప్పేసి, ఇక మీదట ఒక్కదాన్నే తీసుకుంటాను. బాగోలేదంటే స్కూలు గోడ ఎలాగూ ఉంది. లేదంటే ఇంకో దారి. పెళ్లిళ్ల రోజులొచ్చినప్పుడల్లా నిన్నే పిలిపించుకుంటాను, మీ ఆయన్ని నేను ఒప్పిస్తాను, నువ్వు మళ్లీ నీ చోట నిలబడు. నువ్వేదంటే అదే. నన్ను మెప్పించడానికి మాత్రం అబద్ధం ఆడకు.

నీ వదిన


మే 2

వదినా,

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. నిన్ను మెప్పించడానికి కాదు. నీ ఉత్తరంలో ఆ చివరి ముక్క చదవగానే నా బుద్ధి అక్కడికే పోయింది. బాగోలేదని ఒక్క ముక్క రాస్తే చాలు, నేను మళ్లీ హాల్లో ఉంటాను. గొడుగు పట్టుకుని, ఆ జనం మధ్య, ఆ గోల మధ్య. ఎంత ఆశ పుట్టిందో నీకు చెప్పలేను. బాగోకూడదు దేవుడా అనుకుంటూ ఫోటో బయటికి తీశాను.

తీసి, పొద్దుటి వెలుతురులో కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. నేనెక్కడ నిలబడి ఉండేదాన్నా అని వెతికాను. నాకు చోటు లేదందులో. నేనుంటే ఆ తల్లిని నవ్వించేసేదాన్ని. ఆ కాస్త క్షణం నా చేతిలో పడి నలిగిపోయేది. ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది తల్లులు అలా తల తిప్పి చూడబోయారో, నేను ఏదో ఒకటి అని వాళ్ల మొహం మార్చేశానో అనిపించింది. నవ్వులు మంచివే, నేను సిగ్గుపడటం లేదు. కానీ ఇది వేరే. ఆ తల్లి నీతో ఏదో చెప్తోంది, నువ్వు విన్నావు. మా ఆయన భుజం మీద నుంచి చూసి, "ఎవరమ్మా ఈవిడ, మన బంధువులా?" అన్నాడు. కాదంటే నమ్మడే. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆయన బాగుందని ఏడుస్తున్నాననుకున్నాడు.

చాలా బాగుంది వదినా. నువ్వు తీసిన వాటన్నిటిలోకీ బాగుంది. ఈ వాక్యం రాయడానికి పొద్దుటి నుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను.

స్కూలు వాళ్లకి ఇవాళే వెళ్లి రానని చెప్పు. పదో తారీఖు దాకా ఆగకు, నీకు మళ్లీ అనుమానాలు మొదలవుతాయి. ఆ "అయిపోయింది" అబద్ధం ఎక్కడా ఎవరికీ చెప్పకు, అది నీ సొత్తు. పెళ్లిళ్లు తీసుకో. తీసినవాటిలో బాగున్నవి నాకు పంపు. బాగోకపోతే బాగోలేదని రాస్తాను, ఆ పని నాకు వచ్చు.

ఒక్కటే అడుగుతున్నాను. నీకు ఎప్పుడైనా పని సాగకపోయినా, ఎవరైనా ఆ నవ్వించే ఆవిడేదని అడిగినా, మధ్యాహ్నం పూట ఊరికే నేను గుర్తొచ్చినా, నన్ను మాత్రం రమ్మని రాయకు. రాస్తే వచ్చేస్తాను. వస్తే నోరు మూసుకుని నిలబడటం నావల్ల కాదు.

నీ మరదలు